పరగడుపు మాత్రలు

1967 జులైలో నన్ను చీపురుపల్లికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కాంపౌండరుగా వేశారు. ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు ఫార్మసిస్టు అంటున్నారు. అప్పటికి విజయనగరం జిల్లా ఏర్పడలేదు, చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. శ్రీకాకుళం పట్నంలో పుట్టి పెరిగిన నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. చేతిలో డిప్లొమా ఉంది. నెత్తిన కొమ్ములు కూడా ఉండేవి. అవి నాకు తప్ప మిగతా అందరికీ కనపడేవని చాలా కాలం తర్వాత తెలిసింది.

కేంద్రానికి పెద్ద మెడికల్ ఆఫీసరు గారు. ఆయన కింద ఒక హెల్త్ విజిటరు, ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు మిడ్‌వైఫులు, నేను, ఒక అటెండరు. ప్రభుత్వం లెక్కలో నా స్థానం ఆ వరుసలో ఎక్కడో మధ్యన ఉండేది. జనం లెక్కలో మాత్రం డాక్టరు గారి తర్వాత నేనే. ఆయన చీటీ రాస్తారు, మందు చేతిలో పెట్టేది నేను. చాలామంది ఆయన్ని దాటుకుని వచ్చి నాకే దణ్ణం పెట్టేవారు. నేను వద్దనేవాణ్ణి కాదు.

మందుల గది ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. పెంకుటింటి చివరి గది, దానికి చిన్న కిటికీ. కిటికీకి ఇవతల నేను, అవతల వరుస. లోపల ఒక పొడుగాటి బల్ల, చిన్న త్రాసు, రెండు కల్వాలు, గీతలు గీసిన కొలగ్లాసులు. గోడ వారన జ్వరం మిక్స్చరు, దగ్గు మిక్స్చరు, కడుపుబ్బరానికి ఇచ్చే కార్మినేటివ్ మిక్స్చరు పెద్ద పెద్ద జాడీల్లో ఉండేవి. సోంపు నూనె, పిప్పరమెంటు, కార్బాలిక్ ఆమ్లం కలిసిన ఆ వాసన నా చొక్కాలకు పట్టేసి, సెలవుకి ఇంటికి వెళ్తే మా అమ్మ వాటిని విడిగా నానబెట్టేది. ఇప్పుడు ఏ మందుల షాపులోనూ ఆ వాసన రాదు. అది గుర్తొస్తే నాకు ఆకలేస్తుంది, ఎందుకో చెప్పలేను.

సీసాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. కిరసనాయిలు సీసాలు, నువ్వుల నూనె సీసాలు, అడక్కూడని సీసాలు కూడా వచ్చేవి. బిరడా బదులు తాటాకు చుట్ట. మిక్స్చరు పోశాక సీసా పక్కన, అంచున గంట్లు కత్తిరించిన కాగితప్పట్టీ అంటించేవాణ్ణి. ఒక గంటు నుంచి ఇంకో గంటు దాకా ఒక మోతాదు. చదువు రానివాళ్లకు కూడా అది అర్థమయ్యేది. మాత్రలకు మాత్రం అలాంటి ఏర్పాటేమీ లేదు. కాగితంలో పొట్లం కట్టి, నోటితో చెప్పి పంపడమే. అసలు కథ అంతా ఆ నోటితో చెప్పడం దగ్గరే ఉంది.

డాక్టరు గారిది కృష్ణా జిల్లా. మితభాషి. ఇక్కడి మాట ఆయనకు సగమే అర్థమయ్యేది, మిగతా సగానికి నా వంక చూసేవారు. చీటీ మీద మందు పేరు, మోతాదు రాసి చివర లాటిన్ పొడి అక్షరాలు పెట్టేవారు. టి.డి.ఎస్. అంటే రోజుకు మూడుసార్లు. పి.సి. అంటే భోజనం తర్వాత. నాకు అవి చదవడం వచ్చునని లోపల మహా గర్వం. అవి నా చదువుకు గుర్తులన్నట్టుగా చూసుకున్నానే గానీ, కిటికీ అవతల నిలబడ్డ మనిషికి చేరవలసిన మాటలని అనుకోలేదు. వరుస పొడుగ్గా ఉంటుంది, ఎండ ఎక్కుతూ ఉంటుంది. “రెండేసి మాత్రలు, మూడు పూటలా” అని పొట్లం అందించి, తర్వాతి చీటీ కోసం చెయ్యి చాపేవాణ్ణి. నా చేతి వేగం చూసి డాక్టరు గారే ఒకసారి మెచ్చుకున్నారు.

1968 అక్టోబరులో పైడమ్మ మొదటిసారి ఆ కిటికీ దగ్గరికి వచ్చింది.

అక్కడి మెట్ట భూముల్లో గోగు విరివిగా వేసేవారు. కోసిన గోగు కట్టల్ని చెరువుల్లోనూ గెడ్డలనే వాగుల్లోనూ ఊరేసి, అవి కుళ్లాక నార ఒలిచి జాడించి ఆరబెట్టి జనపనార మిల్లులకు పంపుతారు. ఆ ఒలిచేవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మొలలోతు నీళ్లలో నిలబడాలి. ఈ పని సాగే రెండు నెలలూ చుట్టుపక్కల ఊళ్ల గాలంతా కుళ్లు కంపు కొట్టేది. మా కిటికీ ముందు కూడా ఆ రెండు నెలలూ మోకాళ్లు, నడుములు, చేతి కణుపులు వరుసగా నిలబడేవి. పైడమ్మ ముప్పై ఏళ్లుగా ఆ పనే చేస్తోంది. నలభై అయిదూ యాభై మధ్య వయసు, పొడుగ్గా నిటారుగా ఉండే మనిషి. వేళ్ల కణుపులు వాచి, మోకాళ్లు వంగక, మూడు మైళ్లు నడిచి వచ్చింది.

డాక్టరు గారు ఆస్పిరిన్ రాశారు. విడతకు పది గ్రెయిన్లు, అంటే మా దగ్గరున్న బిళ్లలు రెండు. టి.డి.ఎస్., పి.సి. కీళ్ల నొప్పులకు అప్పట్లో అంతకంటే మంచి మందు మా దగ్గర లేదు. వారానికి సరిపడా ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఏం చెప్పానో నాకు బాగా గుర్తు, ఎందుకంటే అందరికీ అదే చెప్పేవాణ్ణి.

వారం తిరిగేసరికి ఆమె నవ్వుతూ వచ్చింది. “బాబూ, నీ సెయ్యి సల్లగుండా. మోకాలు వంగతన్నాది” అంది. చీటీ మీద డాక్టరు గారు ‘అదే మందు’ అని రాశారు. మూడో వారం కూడా అంతే. నాకు ఆమె రావడం సంతోషంగా ఉండేది. మందు పనిచేసిందని ముఖం మీద చెప్పేవాళ్లు మా వృత్తిలో తక్కువ. పనిచెయ్యకపోతే చెప్పేవాళ్లకు కొదవ లేదు.

నాలుగో వారం ఆమె ముఖం పాలిపోయి ఉంది. కళ్లు తిరుగుతున్నాయని, కడుపులో మంటగా ఉందని, చెరువు గట్టు ఎక్కాలంటే ఆయాసం వస్తోందని చెప్పింది. డాక్టరు గారు కింది కనురెప్ప లాగి చూశారు. ఆ ప్రాంతంలో చెప్పులు లేకుండా బురదలో తిరిగే ఆడవాళ్లలో కొంకిపురుగులు, వాటివల్ల రక్తహీనత మామూలే. పురుగుల మందు, ఇనుము బిళ్లలు రాశారు. ఆస్పిరిన్ కూడా కొనసాగించారు, ఆమే అడిగింది గనక.

ఇనుము బిళ్లల విషయంలో మాత్రం నేను చాలా జాగ్రత్తపరుణ్ణి. వాటితో విరేచనం నల్లగా అవుతుంది. అంతకుముందు ఎంతోమంది అది చూసి భయపడి బిళ్లలు పెంటకుప్పల్లో పారేశారు. అందుకని ప్రతి ఒక్కరికీ ముందే చెప్పేసేవాణ్ణి. పైడమ్మకూ చెప్పాను. నల్లగా అవుతుంది, అది మందు గుణం, భయపడొద్దు అన్నాను. అవసరమైన మాట చెప్పకపోవడం ఒక తప్పు. ఇది రెండో తప్పు, ఇది చెప్పడం వల్ల జరిగింది.

మరో వారానికి ఆమె గోడ పట్టుకుని వచ్చింది. తన వంతు వచ్చినప్పుడు కిటికీ చువ్వలు పట్టుకుని, వెనక మగవాళ్లు ఉన్నారని గొంతు తగ్గించి, “నల్లగా పోతన్నాది బాబూ. తారు నాగ” అంది.

“చెప్పాను కదా పైడమ్మా, ఆ బిళ్లల వల్లే. భయం లేదు” అన్నాను. ఆమె ఇంకేదో అనబోయి, నేను వెనకవాళ్ల చీటీకి చెయ్యి చాపడం చూసి పక్కకు తప్పుకుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. చువ్వల మీద ఆమె వేళ్లు గోళ్లతో సహా తెల్లగా ఉన్నాయి. చూశాను. చూసి కూడా చీటీ అందుకున్నాను.

మూడో రోజు గురువారం, గర్భిణులు వచ్చే రోజు. ఆ పనంతా హెల్త్ విజిటరు సుగుణమ్మ గారిది. బాప్టిస్టు మిషన్ కుటుంబం నుంచి వచ్చిన ఆవిడకు ఓపిక ఎక్కువ, కంఠం ఇంకా ఎక్కువ. ఆ రోజు మొదటిసారి వచ్చిన ఒక ఆరోనెల గర్భిణి, పరీక్ష అయ్యాక నా కిటికీ దగ్గరికి వచ్చి, బలం బిళ్లలు ఇమ్మని అడిగింది. తను పైడమ్మ కోడలినని, పేరు సత్తెమ్మ అని చెప్పింది. అత్త ఇచ్చినవి అయిపోయాయట.

ఏ బిళ్లలు అని అడిగాను.

“నువ్వు మా అత్తకి ఇచ్చినవే బాబూ. తనొక్కటీ మింగనేదు. కడుపుతో ఉన్నదానివి, నువ్వు తిను, నాకేటి బలం అని అన్నీ నాకే ఇచ్చేసినాది.”

నా చేతిలో కల్వం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. ఇనుము ఒక్క బిళ్ల కూడా మింగని మనిషికి విరేచనం తారులాగా ఎందుకవుతుందో డిప్లొమా ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అది కడుపులో కారిన రక్తం. అత్త ఎలా ఉందని అడిగితే, “రేతిరి నుంచి లెగనేదు. పొద్దున్న వాంతి అయినాది, కాపీ మడ్డి నాగున్నాది” అంది సత్తెమ్మ. పాపం, ఆ పిల్లకు అది ఎంత ప్రమాదమో తెలియదు. అత్త పంపితే పరీక్షకు వచ్చింది.

డాక్టరు గారి గదిలోకి నేను అడగకుండా వెళ్లడం అదే మొదటిసారి. విషయం చెప్పాను. ఆయన కలం మూసి లేచారు. ఉన్న ఒక్క జీపు టీకాల పని మీద వెళ్లింది. బీరువాలో ఉన్న రెండు సెలైన్ సీసాలూ తీసుకుని ఇద్దరం చెరో సైకిలూ ఎక్కాం. మూడు మైళ్ల దారిలో ఆయన ఒకే ఒక్క మాట అన్నారు. “రక్తం తగ్గిందని చూశాను. ఎక్కడికి పోతోందని అడగలేదు” అన్నారు. నాతో అన్నారో, తనతో అనుకున్నారో తెలియదు.

పైడమ్మ వీధి పంచలో చాప మీద పడుకుని ఉంది. నాడి వేగంగా, సన్నగా, వేలికి అందీ అందకుండా కొట్టుకుంటోంది. ఒళ్లంతా చల్లటి చెమట. మమ్మల్ని చూసి కూర్చోబోయింది. డాక్టరు గారు వద్దని, సెలైన్ ఎక్కిస్తూనే నెమ్మదిగా అడిగారు. ఆస్పిరిన్ బిళ్లలు ఎప్పుడెప్పుడు, ఎలా వేసుకుంటున్నావమ్మా అని.

ఆమె నా వంకే చూసి చెప్పింది. తెల్లవారకముందే లేచి, ముఖం కడుక్కుని, పరగడుపునే మంచినీళ్లతో మింగుతుందట. మందు అనేది పరగడుపునే కదా మింగాలి. వాళ్ల ఊరి వైద్యుడు ఏ మందైనా అలాగే ఇస్తాడు. మరి మూడు పూటలా కదా చెప్పింది అన్నాను.

“మూడు పూట్లా మింగితే పరగడుపెక్కడుంటాది బాబూ? మద్దేన అన్నం తినేస్తాను గదా. అందుకని ఆరూ తెల్లారే మింగేసినాను” అంది.

అంతటితో అయిపోలేదు. మందు గట్టిదని, నొప్పి అంత తొందరగా తగ్గించిందని, దానికి తగ్గ పథ్యం కూడా పట్టింది. రోజూ చెరువులోకి దిగే ముందు తాగే చోడి అంబలి, అదే రాగి అంబలి, మానేసింది. మధ్యాహ్నం ఒక్క పూట, మిరియాల చారుతో అన్నం. అయిదు వారాలు. రోజుకు ఆరు ఆస్పిరిన్ బిళ్లలు ఒక్కసారి ఖాళీ కడుపులో పడేవి, మధ్యాహ్నం దాకా ఆ కడుపులో ఇంకేమీ పడేది కాదు. నా మందును ఆమె గౌరవించినంతగా ఆ జిల్లాలో ఇంకెవరూ గౌరవించి ఉండరు. ఆ గౌరవమే ఆమె కడుపులో పుండు చేసింది.

చీటీలో డాక్టరు గారు రాసిన పి.సి., ‘భోజనం తర్వాత’ అన్న మాట, మా ఇద్దరికీ గుర్తుంది.

విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని డాక్టరు గారు చెప్పగానే, ఆమె భర్త అప్పలస్వామి ఎడ్లబండి కట్టాడు. బండిలో గడ్డి మీద ఆమెను పడుకోబెట్టి, నేను సీసా ఎత్తి పట్టుకుని చీపురుపల్లి స్టేషనుకు చేరాం. మధ్యాహ్నం పాసింజరుకు ఇంకా అరగంట ఉంది. ఆ అరగంట ఎంత పొడుగో చెప్పలేను. స్టేషను మాస్టరు గారు గార్డుతో మాట్లాడి బ్రేకు పెట్టెలో చోటిప్పించారు. విజయనగరం దాకా నా కుడి చెయ్యి తిమ్మిరెక్కితే ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే కుడి చెయ్యి. పైడమ్మ దారిలో ఒక్కసారి కళ్లు తెరిచి, కోడలికి బిళ్లలు ఇచ్చావా అని అడిగింది. ఇచ్చానని అబద్ధం చెప్పాను. ఆ గొడవలో సత్తెమ్మకు నేనేమీ ఇవ్వలేదు. రెండో రోజు సుగుణమ్మ గారు ఇచ్చారు.

విజయనగరం పెద్దాసుపత్రిలో వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. రక్తం ఇవ్వడమంటే అప్పట్లో పల్లె జనానికి హడలు. ఒకసారి ఇస్తే మనిషి మళ్లీ పనికి రాడని నమ్మేవారు. నేను ముందుకెళ్లి చొక్కా చెయ్యి మడిచాను. పరీక్ష చేసి, నా రక్తం ఆమెకు సరిపడదన్నారు. తప్పుకు పరిహారం చెల్లించి చేతులు దులుపుకుందామనుకున్నవాడికి ఆ అవకాశం దొరకలేదు. అప్పలస్వామిది సరిపోయింది. అతను ప్రయోగశాల గుమ్మంలో తలగుడ్డ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇబ్బంది పడుతూనే, రక్తం ఇస్తావా అని నేను అడిగాను.

“ఇస్తే ఇది బతుకుతాదా బాబూ?” అన్నాడు.

తెలియదు, ఇవ్వకపోతే మాత్రం బతకదు అన్నాను. అతను తలగుడ్డ నాకిచ్చి లోపలికి వెళ్లాడు. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన ధైర్యాల్లో అది పెద్దది. బయటికి వచ్చాక గోడకానుకుని కూర్చుని, తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు, అవి ఇంకా తనవేనా అన్నట్టు. టీ తెచ్చిచ్చాను. పంచదార ఎక్కువ వేయించాను.

నాలుగు రోజులు అటూ ఇటూ అయ్యాక రక్తం కారడం ఆగింది. కత్తి పెట్టే అవసరం రాలేదు. మూడు వారాలు పాలు, గంజి, ఆమ్లాన్ని విరిచే పొడుల మీద ఉంచి ఇంటికి పంపారు. పంపేటప్పుడు అక్కడి వైద్యులు చీటీ మీద ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశారు. ఈమెకు ఇక ఎప్పుడూ ఆస్పిరిన్ ఇవ్వకూడదని.

జనవరి నెలలో ఒక రోజు వరుస అయిపోయాక పైడమ్మ వచ్చింది. మనిషి సన్నబడింది, ముఖంలో కళ వచ్చింది. ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి, నేనూ పక్కన కూర్చున్నాను. ఆమే అడిగింది.

“ఒక్క మాట అడగతాను, ఏటనుకోకు బాబూ. అన్నం తిని మింగమని నువ్వు ముందే సెప్పుంటే, నాను తినేసే మింగుదును గదా. ఎందుకు సెప్పనేదు?”

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. మా ఇంట్లో ఎవరూ తినకుండా మాత్ర వేసుకోరు, అందరూ అంతే అనుకున్నాను అన్నాను. నిజం అదే. మా నాయనమ్మ కూడా కషాయం పరగడుపునే తాగేదన్న సంగతి నాకు తెలియనిది కాదు. ఆ మందు వేరు, నా మందు వేరు అనుకున్నాను. పైడమ్మకు రెండూ మందులే. పైడమ్మ నా జవాబు విని, “నీకు తెలిసిందే నాకూ తెలుసుననుకున్నావు” అంది. తర్వాత, మోకాళ్లు మళ్లీ పట్టేశాయని, ఆ బిళ్ల కాకపోతే అలాంటిది ఇంకేదైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. రాసుకునే తైలం ఇచ్చాను.

ఆస్పిరిన్ కడుపు పొరకు తగిలి ఎంత పాడుచేస్తుందో, రక్తంలో కలిసి కూడా అంతే పాడుచేస్తుందని మా వృత్తికి తర్వాతి కాలంలో తెలిసింది. తిన్నాక వేసుకుంటే మంట తగ్గుతుందే గానీ ప్రమాదం పూర్తిగా పోదు. ఆ మోతాదులో, అన్ని వారాలు, అంబలి తాగాక వేసుకున్నా ఆమెకు పుండు పడి ఉండేదేమో. ఈ మాట నాకు ఊరట కోసం రాయడం లేదు, చదివేవాళ్లు తిన్నాం కదా అని ధీమా పడకూడదని రాస్తున్నాను. విరేచనం నల్లబడితే కారణం మీరు ఊహించుకోకుండా డాక్టరుకు చెప్పండి.

ఆ తర్వాత ముప్పై రెండేళ్లు నేను మందులిచ్చాను. పొట్లం చేతికిచ్చే ముందు, దీన్ని ఎప్పుడు, ఏం తిని, ఎలా మింగుతావో చెప్పు అని ప్రతి మనిషినీ అడిగేవాణ్ణి. వరుస నెమ్మదించేది. నా చేతి వేగం గురించి మళ్లీ ఎవరూ మెచ్చుకోలేదు. వాళ్లు చెప్పే జవాబుల్లో సగం నేను కలలో కూడా ఊహించనివి. ఇనుము బిళ్లలిచ్చేటప్పుడు, నల్లగా అవుతుంది భయపడొద్దు అనడం మానేశాను. నల్లగా అయితే వచ్చి చెప్పు, వింటాను అనేవాణ్ణి. మందు ఇవ్వడమంటే సగం పని అడగడం, సగం పని వినడం అని నాకు ఆ సంఘటన నేర్పింది. చెప్పడం ఆ తర్వాతి సంగతి.

ఈ పాఠం నాకు పనికొచ్చింది, ఆ తర్వాత వచ్చిన పేషెంట్లకూ పనికొచ్చింది. పైడమ్మకు పనికి రాలేదు. నేను అక్కడున్న నాలుగేళ్లలో మిగిలిన కాలమంతా, గోగు ఊరిన ప్రతి ఏడూ, ఆమె మింగే మందేదీ లేకుండా ఆ మోకాళ్లతోనే నీళ్లలోకి దిగింది.